డై మారకుండా కారు మారుతుందా?

అమీన్‌పూర్‌లో మా వీధి చివరి ఇంట్లో ఒక మేనమామ, ఆయన పక్క వాటాలో మేనల్లుడు ఉంటారు. మామ పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ప్రెస్ టూల్స్ తయారుచేసే షాపులో హెల్పరుగా చేరి, డై ఫిట్టరై, ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. అల్లుడు మాదాపూర్‌లో కార్ల బాడీ డిజైన్ చేసే ఆఫీసులో ఇంజనీరు. ఒకాయన రేకును వేలితో తడిమి నమ్ముతాడు, ఇంకొకాయన కంప్యూటర్‌లో గోడకు గుద్ది చూసి నమ్ముతాడు. మామ ఊరవతల రెండు గుంటలు అమ్మి 2019లో కొన్న కియా సెల్టోస్ ఇంకా వాకిట్లోనే ఉంది. దాని రెండో తరం 2025 డిసెంబరులో బయటికొచ్చింది, 2026 జనవరి మొదట్లో ధర చెప్పారు. పాతది అమ్మేసి కొత్తది తీసుకుందామని అల్లుడు, ఎందుకు తీసుకోవాలో చెప్పమని మామ. ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను. ఉండబట్టలేనప్పుడు మాత్రం నా మాట కలుపుతాను.

మామ: ముందుగాల ఒక్కటి చెప్పు అల్లుడూ. కొత్త బండి, కొత్త బండి అని చెవుల జోరీగ లెక్క తిరుగుతున్నవు. ఏం మారింది? మూతి మారింది, లైట్లు మారినయి. గింతేనా?

అల్లుడు: నువ్వు చెప్పేది 2023 సంగతి మామా. అప్పుడొచ్చింది ఫేస్‌లిఫ్ట్. బంపర్లు, గ్రిల్, లైట్లు, లోపల తెరలు మార్చారు. 1.4 టర్బో ఇంజను పోయి 1.5 టర్బో వచ్చింది. బండి పొడవు 4315 మిల్లీమీటర్ల నుంచి 4365 అయింది, కానీ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2610 దగ్గరే ఉండిపోయింది. పెరిగిన యాభై మిల్లీమీటర్లూ ముక్కుకూ తోకకూ పోయినట్టే, మనుషులకు రాలేదు. ఇప్పటిది అట్లా కాదు. కింది ప్లాట్‌ఫామే వేరు. పొడవు 4460, వెడల్పు 1830, చక్రాల మధ్య దూరం 2690.

మామ: మరి 2023ల తలుపులెందుకు మార్చలే? నీకు తెల్సు, కానీ నోటితోని చెప్పవు. నేను చెప్త. బంపరంటే ప్లాస్టిక్. ఒక అచ్చు జేసుకుంటే పనయిపాయె. తలుపు రేకట్ల గాదు. ఒక డై రేకును గుంజి ఆకారం తెస్తది, ఒకటి అంచులు కోస్తది, ఒకటి బొక్కలు గొడ్తది, ఇంకొకటి మడత పెడ్తది. ఒక్క రేకుకు నాలుగైదు డైలు. ఇగ పక్క రేకు ఉన్నదే, ముందు తలుపు చౌకట్టు కాడికెల్లి ఎనక లైటు దాకా ఒక్కటే ముక్క, దాని డై చూస్తే నీ గుండె ఆగుతది. అది మారిస్తే వెల్డింగ్ షాపుల ఫిక్చర్లు మారాలె, రోబోల లెక్క మారాలె, తలుపు రబ్బర్లు మారాలె. అందుకే కంపెనీ ఏది సులువుగ మారుతదో దాన్నే ముందుగాల మారుస్తది. దసరాకు సున్నమేసి ఇల్లు కొత్తగ గట్టిన అన్నట్టు.

అల్లుడు: సున్నం అన్నా నేను కాదనను. మూడు నాలుగేళ్లకు ఒక ఫేస్‌లిఫ్ట్, అయిదు నుంచి ఏడేళ్లకు కొత్త తరం, ఇదే అన్ని కంపెనీల లెక్క. క్రెటా చూడు: 2015లో వచ్చింది, 2018లో ముఖం మారింది, 2020లో రెండో తరం, 2024లో మళ్లీ ముఖం. సెల్టోస్ 2019, 2023, 2026. పెట్టిన డైల డబ్బు తిరిగి రాకుండా కొత్త డైలు ఎవరు కొడతారు మామా? నీ షాపులో నువ్వు కొట్టేవాడివా?

మామ: కొట్టను. అందుకే అడుగుతున్న. ఈసారి కొట్టిండ్రా?

అల్లుడు: కొట్టారు. తలుపులు, పక్క రేకు, పైకప్పు, అన్నీ కొత్తవే.

ఇక్కడ మామ లేచి పాత బండి దగ్గరికి నడిచారు. బానెట్‌కీ పక్క ఫెండర్‌కీ మధ్య సందులో బొటనవేలి గోరు పెట్టి, హెడ్‌లైటు దగ్గర మొదలుపెట్టి అద్దం దాకా మెల్లగా జరిపారు. ఎక్కడా గోరు బిగియలేదు, వదులవలేదు. అట్లాంటి సందు రావడానికి వెనక ఎంత చాకిరీ ఉంటుందో ఆయన చెబుతుంటే విన్నాను. కొత్త డై ప్రెస్ మీదికెక్కాక నీలిరంగు ముద్ద పల్చగా పూసి రేకును నొక్కుతారట. రేకు మీద నీలం ఎక్కడ అంటిందో అక్కడ డై తాకినట్టు, అంటని చోట తాకనట్టు. ఎక్కువ తాకిన చోట చేతిరాయితో రుద్దాలి, మళ్లీ నీలం పూయాలి, మళ్లీ నొక్కాలి. నీలం అంతటా సమంగా పరుచుకునేదాకా రోజుల తరబడి అదే పని. పోనీ అది కుదిరిందా, డై విప్పగానే రేకు తన పాత వంపు వైపు కొంచెం వెనక్కి లేస్తుంది. దాన్ని స్ప్రింగ్‌బ్యాక్ అంటారు. అది ఎంత లేస్తుందో ముందే ఊహించి డైని అంత ఎక్కువ వంచి చెక్కాలి. షోరూములో మనం రంగు చూసి ముచ్చటపడే బండిలో ఈ రుద్దుడంతా ఉంది. కొనేవాడికి అది కనిపించదు, చేసినవాడు దాన్ని తప్ప ఇంకేదీ చూడడు.

మామ: సరే, డైలు మారినయి. ఇంజను?

అల్లుడు: ఇంజన్లు పాతవే. 115 హార్స్‌పవర్ మామూలు పెట్రోలు, 160 టర్బో, 116 డీజిల్.

మామ: అట్ల రా దారికి. లోపలి మనిషి పాతోడు, అంగీ కొత్తది.

అల్లుడు: ఇంజను బాగున్నప్పుడు ఎందుకు మార్చాలి మామా? 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చింది, 2023 ఏప్రిల్‌లో రోడ్డు మీద పొగ కొలిచే రెండో దశ వచ్చింది. ఆ రెండింటికీ ఇంజన్ల మీద కుమ్మరించిన డబ్బు చాలు. ఈసారి డబ్బు కుటుంబానికి ఖర్చుపెట్టారు. చక్రాల మధ్య ఎనభై మిల్లీమీటర్లు పెంచడమంటే వెనక కూచున్నవాళ్ల మోకాళ్లకు ఇచ్చినట్టు.

మామ: ఎనభై మిల్లీమీటర్లంటే నాలుగేళ్ల మందం. (చెయ్యి చాపి నాలుగు వేళ్లు దగ్గరికి చేర్చి చూపించారు.) నాలుగేళ్ల కోసం పదకొండు లక్షలా?

అల్లుడు: 2019 ఆగస్టులో నువ్వు కొన్నప్పుడు ఎక్స్-షోరూమ్ మొదటి ధర 9 లక్షల 69 వేలు. ఇప్పటి మొదటి ధర 10 లక్షల 99 వేలు. ఆరేళ్లలో లక్షా ముప్ఫై వేలు పెరిగింది. అమీన్‌పూర్‌లో గజం ధర ఎంత పెరిగిందో నువ్వే చెప్పు.

మామ: భూమితోని పోటీ పెట్టకు. ఇంకొకటి మర్సిపోయినవు. అప్పుడు ఈ సైజు బండికి జీఎస్టీ, సెస్సు కలిపి వందకు 45. 2025 సెప్టెంబర్ 22కెల్లి 40 అయింది. ఆ అయిదు నీ డిజైనోళ్లు ఇచ్చింది గాదు. ఇంకా జెప్పాల్నంటే మన దేశంల కారు బొమ్మ గీసేది మీ ఆఫీసోళ్లు గాదు. ఢిల్లీల బడ్జెట్ రాసేటోడు గీస్తడు. నాలుగు మీటర్ల టేపు వెట్టి.

అల్లుడు: ఇది మాత్రం నిజం. 2006 బడ్జెట్‌లో మొదలైంది. నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపు ఉంటే చిన్న కారు, ఎక్సైజు తక్కువ. దాంతో కార్ల తోకలు తెగిపడ్డాయి. మారుతి డిజైర్ 2008లో వచ్చినప్పుడు 4160 మిల్లీమీటర్లు. 2012లో రీడిజైన్ చేసి 3995కు తెచ్చారు. డిక్కీ 440 లీటర్ల నుంచి 316కు పడిపోయింది.

మామ: గదీ. సంచులు పట్టే జాగ కోసి సర్కారుకు లెక్క చూపెట్టిండ్రు. ఏడుపాయల జాతరకు పోయేటోడు బోనం కుండలు ఒళ్లో వెట్టుకొని కూసోవాలె.

అల్లుడు: కానీ ఆ తోక తెగిన బండే దేశంలో అందరికన్నా ఎక్కువ అమ్ముడైన సెడాన్ అయింది కదా మామా. ధర తగ్గింది, టాక్సీవాళ్లు కొన్నారు, మధ్యతరగతివాళ్లు కొన్నారు. డిక్కీ చిన్నదైందని ఎవరూ మానెయ్యలేదు. ఇప్పుడూ అంతే. నాలుగు మీటర్లలోపు చిన్న ఇంజను బండికి 18, దాటితే 40. మధ్యలో ఇరవై రెండు శాతం గోడ. సెల్టోస్ లాంటి బండి ఆ గోడకు అవతల నిలబడి కుటుంబాన్ని పిలవాలి. పిలవాలంటే లోపల చోటు చూపించాలి. అందుకే మధ్యతరహా బండికి రీడిజైన్ అన్నది అలంకారం కాదు, ప్రాణం. లోపల చోటు ఇవ్వకపోతే జనం 18 శాతం బండి కొనుక్కుని పోతారు.

నాకు ఇక్కడ హోండా సిటీ గుర్తొచ్చింది. 1998లో వచ్చిన మొదటి సిటీ పొట్టిగా, వెడల్పుగా, పరిగెత్తే బండి. దాని 106 హార్స్‌పవర్ వీటెక్ ఇంజనంటే కుర్రకారు చెవి కోసుకునేవారు. 2003లో కొత్తది వచ్చింది, జాజ్ ప్లాట్‌ఫామ్ మీద, ఎత్తుగా, ఇంజను దాదాపు 77 హార్స్‌పవర్. కార్ల పిచ్చివాళ్లు శాపనార్థాలు పెట్టారు. ఇళ్లలోవాళ్లు మాత్రం వెనక సీటు చూసి, మైలేజీ చూసి వరసగా కొన్నారు. కుటుంబం కారు రీడిజైన్ గురించి నాకున్న అనుమానం అప్పటిదే: నడిపేవాడి మెప్పు ఒకటి, కూచునేవాళ్ల సుఖం ఒకటి, అవి రెండూ ఒకే బండిలో దొరకడం అరుదు. అయితే సంతకం పెట్టేది నడిపేవాడు కాబట్టి ముందు మూతి, తెరలు, లైట్ల పట్టీ అందంగా వస్తాయి, నడిమి సీటుకు వంతు చివర్లో వస్తుంది.

మామ: తెరలంటే గుర్తొచ్చింది. కొత్త బండిల ఎంత తెర?

అల్లుడు: ముప్ఫై అంగుళాలు. డ్రైవరు ముందు 12.3, నడుమ 12.3, రెండింటికీ మధ్య ఏసీ కోసం 5.

మామ: మా ఇంట్ల టీవీ ముప్పై రెండు. గది ఇంటిల్లిపాది చూస్తం. ఇది నడిపేటోడు చూసుకుంట పోతె ముంగట గేదెను ఎవడు చూడాలె? గది వదిలిపెట్టు. కిటికీల సంగతి చెప్పు. పాత అంబాసిడర్ల పిల్లగాండ్లు కూసుంటే బయట చెట్టు, పుట్ట అన్నీ కనవడేటియి. ఇప్పుడు తలుపు రేకు మెడ దాకా లేపిండ్రు. ఎనక అద్దం కిటికీ గాదు, సందు. ఎన్క ఏమొస్తుందో కనవడ్తలేదంటే కెమెరా వెట్టిండ్రు. అద్దం గుంజుకున్నరు, కెమెరా అమ్మిండ్రు. పైసలు రెండుసార్లు.

అల్లుడు: పిల్లర్లు లావయ్యాయంటే ఊరికే కాలేదు. బండి బోల్తా పడితే పైకప్పు నిలబడాలి. కర్టెన్ ఎయిర్‌బ్యాగు చుట్టచుట్టుకుని ఆ అంచులోనే దాక్కుంటుంది. బానెట్ ఎత్తుగా ఎందుకుందో తెలుసా? నడిచిపోయేవాణ్ని బండి గుద్దితే తల బానెట్ మీద పడుతుంది. బానెట్ రేకుకూ కింద ఇంజనుకూ మధ్య ఖాళీ ఉంటే రేకు వంగి తలను కాపాడుతుంది. ఖాళీ లేకపోతే ఇంజను మీద పడ్డట్టే. అంబాసిడర్ అందమంతా ఈ లెక్కలు లేని కాలపు అందం మామా. 1958 నుంచి 2014 దాకా గ్రిల్ మార్చి, పేరు పక్కన మార్క్ 2, మార్క్ 3 అని అంకె మార్చి అదే బండి అమ్మారు. నువ్వన్న సున్నం అది.

మామ: కిటికీ ఎత్తంత భద్రత కోసమేనా? నా కండ్లల్లకు చూసి చెప్పు.

అల్లుడు: (నవ్వి) సగం ఫ్యాషనే. ఎస్‌యూవీ గట్టిగా, గుమ్మటంలా కనపడాలని కోరుకునేది కొనేవాళ్లే. మేము సర్వేలు చేస్తే కిటికీ పెద్దది కావాలని అడిగేవాడు కనపడడు, పైకప్పు అద్దం కావాలని అందరూ అడుగుతారు.

మామ: ఎండకాలం పటాన్‌చెరుల పైన అద్దమా? నెత్తి మాడుతది.

ఈ మాటకు మామ భార్య, అత్తమ్మ, లోపల్నుంచి నవ్వడం వినిపించింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. నిజానికి ఈ ఇంట్లో సెడాన్ పోయి సెల్టోస్ రావడానికి అసలు కారణం ఆ మోకాళ్లే. సెడాన్ సీటులోకి దిగాలి, దాంట్లోంచి లేవాలి. ఈ బండి సీటు నడుము ఎత్తులో ఉంటుంది కాబట్టి పక్కకు తిరిగి కూచుంటే చాలు. మన దగ్గర ఎస్‌యూవీలు పెరగడానికి రోడ్ల గుంతలు కారణమంటారు, హోదా కారణమంటారు. మోకాళ్ల పాత్ర ఎవరూ రాయరు. మారుతి సియాజ్ 2025లో ఆగిపోయింది. వెనక సీట్లో అంత చోటిచ్చిన సెడాన్ ఆ ధరకు ఇంకొకటి లేదు. చోటున్నా ఎత్తు లేక పోయిందని నా నమ్మకం.

అల్లుడు: మామా, ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు నీ సెల్టోస్‌ను గుద్ది చూసి పెద్దవాళ్ల భద్రతకు మూడు చుక్కలిచ్చారు, పిల్లలకు రెండు. ఆ సంగతి నీకు తెలిసీ ఆరేళ్లు నడిపావా?

మామ: తెల్సే నడిపిన. ఏం జెయ్యాలె, రెండు గుంటలు మళ్ల కొంటనా?

అల్లుడు: అదే నేననేది. అప్పుడు కింది రకాల్లో ఎయిర్‌బ్యాగులు రెండే. 2023 నాటికి అన్ని రకాల్లో ఆరు. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ అని పరీక్ష మొదలైంది. చుక్కలు లేకపోతే బండి అమ్ముడుపోని రోజులొచ్చాయి. బయట ఫేస్‌లిఫ్ట్ అని నువ్వు ఎగతాళి చేసేలోపు లోపలి ఉక్కు మారిపోయింది. ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్య ఉండే బీ పిల్లర్ సంగతి వింటావా? హాట్ స్టాంపింగ్. రేకును కొలిమిలో 900 డిగ్రీల పైన ఎర్రగా కాలుస్తారు. ఎర్రగా ఉండగానే తీసి డైలో నొక్కుతారు. డై లోపల చల్లటి నీళ్లు తిరుగుతుంటాయి. రేకు ఆ డైలోనే, నొక్కి ఉండగానే, సెకన్లలో చల్లారిపోతుంది. బయటికొచ్చేసరికి దాని బలం 1500 మెగాపాస్కల్. నీ రోజుల్లో నువ్వు నొక్కిన మామూలు రేకు మూడు వందలు.

మామ ఇంతసేపూ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నవారు ముందుకు వంగారు. పక్కనున్న ఛాయ్ చల్లారిపోతోందని గుర్తుచేసినా వినలేదు.

మామ: ఆగు. డై వంపులు తిరిగి ఉంటది. వంపు లోపల నీళ్ల బొక్క ఎట్ల గొడ్తరు? డ్రిల్లు తిన్నగ పోతది గదా.

అల్లుడు: ఒకే దిమ్మ కాదు మామా. డైని ముక్కలు ముక్కలుగా చేస్తారు. ఒక్కో ముక్కలో తిన్నగా బొక్కలు కొట్టి, అన్నీ కలిపి బిగిస్తారు. ముక్కకూ ముక్కకూ మధ్య నీళ్లు కారకుండా రబ్బరు రింగులు.

మామ: బొక్క పైకి ఎంత దగ్గరుండాలె?

అల్లుడు: దగ్గరైతే డై పగులుతుంది, దూరమైతే రేకు సమంగా చల్లారదు. అదే మా రోజంతా తలనొప్పి.

మామ: స్ప్రింగ్‌బ్యాక్?

అల్లుడు: దాదాపు ఉండదు. ఎర్రగా ఉన్నప్పుడే ఆకారం పట్టేస్తుంది.

మామ: (చాలాసేపు తల పంకించి) మేము నలభై ఏండ్లు కొట్లాడింది దాంతోనే. మంచిగ జేసిండ్రు. ఇది మాత్రం మంచిగ జేసిండ్రు.

(అల్లుడు గెలిచాడనుకున్నాను. కారుకు సంబంధించి మామ నోట్లోంచి మెచ్చుకోలు రావడం మా వీధిలో వార్త. కానీ ఫోర్‌మన్ బుర్ర అక్కడితో ఆగదు.)

మామ: ఇప్పుడు అసలు ముచ్చట. గంత గట్టి పిల్లర్‌ను ఆటోవాడు గుద్దిండనుకో, సొట్ట పడ్డది. బీరంగూడ కమాన్ కాడ డెంటింగ్ చేసే పిల్లగాడున్నడు. ఆనికి తెల్సింది ఏంది? గ్యాసు మంటతోని కాల్చాలె, సుత్తెతోని కొట్టాలె, పుట్టీ పెట్టి రంగెయ్యాలె. నీ హాట్ స్టాంపింగ్ రేకును మంటతోని కాలిస్తే ఏమయితది?

అల్లుడు: బలం పోతుంది. దాన్ని కాల్చకూడదు. కంపెనీ చెప్పిన చోట కోసి కొత్త ముక్క పెట్టాలి.

మామ: ఆ పిల్లగానికి ఎవరు చెప్పిండ్రు? రంగేసినంక కొత్త లెక్క మెరుస్తది. ఏడేండ్లకు ఆ బండి మొదటోని చేతిలకెల్లి రెండోని చేతికొస్తది, పదేండ్లకు మూడోనికి. జహీరాబాద్ కాడ ఊరు, ఇంట్ల ఏడుగురు, ఆ మూడోడు నీ చుక్కలు చూసే కొంటడు. లోపల పిల్లర్ వట్టిపోయి ఉంటది. మీ రీడిజైన్ల ఆ మూడోని లెక్క యాడుంది?

అల్లుడు: అది డిజైనర్ తప్పు కాదు మామా, రిపేరు వ్యవస్థ తప్పు.

మామ: రిపేరు కూడ డిజైనే. మా షాపుల డై గీసేటోడు మొదలు అడిగేది ఏంది? రేపు పంచ్ విరిగితే ఎట్ల తీస్తవు అని. తీయరాని డై గీస్తే మా పెద్ద సారు కాగితం చింపి మొఖాన కొట్టేటోడు. మీ బంపర్ల రాడార్ పెడ్తరు, అద్దం మీద కెమెరా పెడ్తరు. అద్దం పగిలితే కెమెరాను మళ్ల సూటి చేసే మిషను ఉన్న కాడికే పోవాలె. మన కాలనీల ఒకాయన బండికి, ఏ కంపెనీదో ఇప్పుడెందుకు, ముందు లైటు పగిలింది. పాత రోజుల్ల గ్లాసు మారుస్తుండె, బల్బు మారుస్తుండె. ఇప్పుడు ఎల్ఈడీ, ముద్ద మొత్తం మార్చాలె. దాని బిల్లు నా పీఎఫ్ పింఛను కన్న ఎన్ని రెట్లో అడగకు.

అల్లుడు: ఆ కెమెరా, రాడార్ కలిసి ముందు బండి ఆగితే తమంతట తాము బ్రేకు వేస్తాయి. ముత్తంగి దగ్గర ముంబై హైవే మీద లారీ వెనక పొగమంచులో పోయినప్పుడు నీకు దాని విలువ తెలుస్తుంది. లైటు బిల్లు చూస్తావు, తప్పిన ప్రమాదానికి బిల్లు రాదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవు.

మామ: తీసుకుంట. కానీ అది పై రకాల్లనే ఉంటది గదా? పదకొండు లక్షలోనికి లేదు, ఇరవై లక్షలోనికే బ్రేకు పడాల్నా?

అల్లుడు దీనికి జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఉందని నేననుకోను. కొత్త వస్తువు ముందు ఖరీదైన రకంలో వచ్చి మెల్లగా కిందికి దిగుతుందన్నది పరిశ్రమ మాట. ఎయిర్‌బ్యాగుల విషయంలో అది దానంతట అది దిగలేదు, చట్టం దింపింది. 2019 జులైలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అన్నారు, 2022 జనవరికి అన్ని కార్లకూ ముందు రెండూ తప్పనిసరి అన్నారు. తర్వాత చుక్కల పోటీ పనిచేసింది. ఇద్దరి వాదనలో ఈ ఒక్క చోట నేను మామ పక్షం.

మామ: తలుపు పిడి సంగతి చెప్పు. కొత్త దాంట్ల పిడి కనవడదంట గదా.

అల్లుడు: రేకులో కలిసిపోయి ఉంటుంది. తాళం తీస్తే బయటికి వస్తుంది. గాలి సాఫీగా పోతుంది, చూడ్డానికి...

మామ: చూడ్డానికి. దొరికినవు! మీ అత్తమ్మ ఒక చేతిల సంచి, ఒక చేతిల చెట్టుమందు సీసా పట్టుకొని రేకు తడుముకుంట నిలవడాల్నా?

అల్లుడు: ఇది మాత్రం నేనూ ఒప్పుకుంటా. చైనాలో ఇట్లాంటి పిడుల మీద పెద్ద గొడవైంది. ప్రమాదం జరిగి కరెంటు పోతే తలుపు ఎట్లా తెరవాలని. ప్రతి తలుపుకూ బయటా లోపలా చేత్తో లాగి తెరిచే ఏర్పాటు ఉండాల్సిందేనని అక్కడి ప్రభుత్వం నియమం తెచ్చింది, 2027 నుంచి అమలు. అన్ని దాగుడు పిడులూ ఒకలాంటివి కావు, అయినా కుటుంబం కారుకు ఆ సోకు అక్కర్లేదు. గాలి లెక్క గంటకు వంద దాటినప్పుడు. మనం కమాన్ దగ్గర పదిలో ఉంటాం.

మామ: నీ నోటినుంచి గీ మాట వినాల్నని ఎన్ని రోజుల్నించి ఉన్న.

అల్లుడు: నీ నోటినుంచి హాట్ స్టాంపింగ్ బాగుందని నేనూ విన్నా. సమానం.

తర్వాత మాటలు పెనుకొండ వైపు తిరిగాయి. సెల్టోస్ తయారయ్యేది అక్కడే, ఎర్రమంచి గ్రామంలో, 536 ఎకరాల్లో. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 2019 ఆగస్టులో బండి రోడ్డు మీద. అప్పుడది అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. ఏడాదికి మూడు లక్షల బండ్లు చేయగల ఫ్యాక్టరీ. కరువు సీమలో కార్లు తయారవుతున్నాయంటే మామకు గర్వమూ ఉంది, కొంచెం కడుపుమంటా ఉంది. మన వైపూ ఒక అవకాశం వచ్చింది కదా అన్నారు. 1980ల్లో జహీరాబాద్‌లో అల్విన్, నిస్సాన్ కలిసి చిన్న ట్రక్కులు చేశాయి. ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి పోయింది. ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లు తయారవుతాయి. సదాశివపేటలో టైర్లు, ఎద్దుమైలారంలో యుద్ధ వాహనాలు, జహీరాబాద్‌లో ట్రాక్టర్లు. కుటుంబం కూచునే కారు మాత్రం ఈ పట్టీలో పుట్టలేదు. దాన్ని గీసే ఇంజనీర్లు మాదాపూర్‌లో ఉన్నారు, కొనేవాళ్లు అమీన్‌పూర్‌లో ఉన్నారు. అల్లుడు అది కూడా మనదే కదా అన్నాడు. గీసుడు చేసుడు కాదన్నారు మామ. ఈ తగువు ఇంకో ఆదివారానిది.

అల్లుడు: చివరి మాట చెప్పు మామా. కొందామా, వద్దా?

మామ: షోరూముకు పోదాం. పోతే మూడు ప్రశ్నలడుగుత. ముందు లైటు, బంపరు, అద్దం, మూడింటి ధర కాగితం మీద రాసియ్యమంట. ఇప్పుడు నా బండి మోడలు ఆగింది గదా, దీని తలుపులు, లైట్లు ఇంకెన్నేండ్లు దొరుకుతయి, అది చెప్పమంట. మూడోది, నీ పిల్లర్ ఏ జాగల కొయ్యాల్నో, ఏ జాగల కాల్చొద్దో చూపించే బొమ్మ కమాన్ కాడి పిల్లగానికి దొరుకుతదా అని.

అల్లుడు: సేల్స్ పిల్లలకు ఇవేవీ తెలియవు. వాళ్లకు తెరలో రంగులు మార్చడం నేర్పుతారు.

మామ: తెల్వకపోతే పైకి అడగమంట. అడిగేటోడు లేకనే చెప్పేటోడు లేడు. మీ సర్వేల కిటికీ అడిగేటోడు లేడన్నవు గదా, నా పేరు రాసుకో.

అల్లుడు: రాసుకుంటా. కానీ అక్కడికి పోయాక ముందు వెనక సీట్లో నడిమిలో అత్తమ్మను కూచోబెట్టి చూడు. నా ఎనభై మిల్లీమీటర్లు ఆమె చెబుతుంది.

మామ: మీ అత్తమ్మ ముందర కూసుంటది, ఎప్పటి లెక్కనే. నడిమిల నువ్వు కూసో. గీసినోడే కూసోవాలె.